ఎక్కే వీడియో చూసి పరికరం కొనకండి

సింగిల్ రోప్ మీద, అంటే పైన కదలకుండా కట్టిన ఒకటే పాయ తాడు మీద, చెట్లెక్కడం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ పరికరం బెస్టు?" తాడును పట్టి మనిషిని ఆపుతూ, నొక్కితే కిందికి దించే పరికరం అన్నమాట. వచ్చే జవాబులూ ఎప్పుడూ ఒకటే. ఒకరు అకింబో అంటారు. ఇంకొకరు రోప్ రన్నర్ అంటారు. మూడో ఆయన వచ్చి జిగ్‌జాగ్ ఉండగా మిగతావన్నీ దండగ అని తేల్చేస్తాడు. పాపం ఆ అడిగిన మనిషిని "నీ దగ్గర ఏ తాడుంది?" అని ఒక్కరైనా అడగరు.

వీటికి తోడు వీడియోలు. ఒక పాదానికి, ఇంకో మోకాలికి అసెండర్లు (తాడు మీద పైకి మాత్రమే జారి, కిందికి జారకుండా పట్టేవి) తగిలించుకుని, మెట్లెక్కినట్టు చకచకా పైకి పోతుంటారు. చూసేవాళ్లు "అబ్బ, ఎంత స్మూత్‌గా ఉందో" అని మురిసిపోయి ఆర్డర్ పెట్టేస్తారు. అసలు ఎక్కేటప్పుడు ఆ పరికరం చేసే పనేముంది? బరువు మోసేవి కాళ్లు, కాళ్లకున్న అసెండర్లు. నడుము దగ్గరున్న పరికరాన్ని ఛాతీ మీది స్ట్రాప్ పైకి లాగుతుంటే అది తాడు వెంట ఊరికే వస్తుంది. ఆ మాత్రం పని మార్కెట్లో ఉన్నవన్నీ బాగానే చేస్తాయి. తేడా బయటపడేది రెండు చోట్ల: కిందికి దిగేటప్పుడు, కొమ్మ మీద చివరిదాకా నడిచినప్పుడు. సరిగ్గా ఆ రెండే ఎవరూ చూపించరు.

రాపిడి ఎక్కడ పుడుతోందో తెలియకుండా ఈ వస్తువుల గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. తాడును కొమ్మ మీదుగా వేసి రెండు పాయలుగా వాడే పద్ధతిలో ముడి (తాడు చుట్టూ కార్డుతో, అంటే సన్నని తాడు ముక్కతో, వేసే పట్టు ముడి) మీద పడేది మన బరువులో సుమారు సగమే. పైన కొమ్మ దగ్గర తాడు ఒరుసుకోవడం వల్ల ఇంకొంత సాయం దొరుకుతుంది. సింగిల్ రోప్‌లో తాడు కదలదు, దాని మీద మనమే కదులుతాం. పైనుంచి ఏ సాయమూ ఉండదు. 80 కిలోల మనిషైతే ఆ 80 కిలోలూ ఒక్క ముడి మీదే పడతాయి. ఊరికే వేలాడినంతసేపూ బాగానే పట్టుకుంటుంది. దిగుదామని చెయ్యి వేస్తే మాత్రం బిగుసుకుపోయి కదలదు, బలమంతా పెట్టి లాగితే ఒక్కసారిగా వదిలేస్తుంది.

ఆపైన వేడి. 80 కిలోల మనిషి 20 మీటర్లు దిగితే దాదాపు 16 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. ముడి ఒక్కటే ఉంటే ఆ వేడంతా పుట్టేది బెత్తెడు పొడవున్న కార్డు దగ్గర. పాలిస్టర్ 250 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నైలాన్ 6 అయితే 220 డిగ్రీల చుట్టుపక్కలే. మీ ముడి కార్డు తీసి లోపలివైపు చూడండి. ఎక్కడైనా పోగులు నున్నగా గాజుపూతలా మెరుస్తూ, వేలికి గట్టిగా, పెళుసుగా తగిలితే అక్కడ కరగడం మొదలైనట్టే. అందుకే మంచి కార్డుల్లో అరామిడ్ అనే వేడికి తట్టుకునే పోగులు వాడతారు. అది కరగదు, 500 డిగ్రీల ప్రాంతంలో గానీ పాడవదు. "డైనీమా పోగు ఇంకా బలం కదా, దాంతో ముడి వేస్తే పోలా" అనేవాళ్లు అప్పుడప్పుడు తగులుతుంటారు. బాబూ, అది సుమారు 145 డిగ్రీలకే కరిగిపోతుంది.

కెవిన్ బింగ్‌హామ్ తెచ్చిన రోప్ రెంచ్ తెలివంతా ఇక్కడే ఉంది. ముడికి కొంచెం పైన తాడు మీద ఒక చిన్న లోహపు ముక్క, దాన్ని కిందికి కలిపే బిరుసైన టెథర్, అంతే సరంజామా. మీరు బరువు వేయగానే ఆ ముక్క పక్కకి ఒరిగి తాడును వంచుతుంది. ఆ వంపు దగ్గరే బరువులో కొంత ఆగిపోతుంది కాబట్టి ముడికి మిగతాదే చేరుతుంది. బరువు తీసేస్తే నిటారుగా లేచి తాడుకు దారి ఇస్తుంది. ఒక్క విషయం మాత్రం మరిచిపోవద్దు: రెంచ్ ఒక్కటే మనిషిని ఆపలేదు. ఆపేది ముడే.

దీన్ని నేను గట్టిగా సమర్థించడానికి కారణం సర్దుబాటు. తాడు తడిసినా, కొత్తదై జారుతున్నా, చెట్టు జిగురు పట్టి మొరాయిస్తున్నా ముడికి ఒక చుట్టు పెంచుకోవచ్చు, ఒక అల్లిక తగ్గించుకోవచ్చు. చుట్లు పెరిగే కొద్దీ రాపిడి కూడికలా కాకుండా గుణింపులా పెరుగుతుంది. అందుకే ఒక్క చుట్టుతో "జారిపోతోంది" నుంచి "కదిలి చావట్లేదు" దాకా వెళ్లిపోతాం. కార్డు పొడవు రెండు మూడు సెంటీమీటర్లు మారినా చేతికి తెలిసిపోతుంది. చాలామందికి ఇదంతా చిరాకు. నిజమే, మొదట్లో విసుగే. కానీ ఇలా సర్దుకుంటూ పోతే తాడు ఎప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో చేతికి వంటబడుతుంది. మొదటి రోజే అకింబో లాంటి మెషీన్ తగిలించుకున్నవాళ్లకు అది తెలియదు. ఆ మెషీన్ సరిగ్గా పనిచేయని రోజున ఎందుకో కూడా అర్థం కాదు.

మెషీన్లంటే నాకు పగేమీ లేదు. రన్నర్ గానీ అకింబో గానీ తాడు మధ్యలో ఎక్కడైనా తగిలించుకోవచ్చు, ముడి బాధ లేదు, కార్డు అరిగిపోతుందన్న టెన్షన్ లేదు. అకింబోలో రాపిడి మార్చుకునే సెట్టింగులు కూడా ఉన్నాయి. జిగ్‌జాగ్ మొదట రెండు పాయల పద్ధతి కోసం పుట్టింది. సింగిల్ రోప్ మీద వాడాలంటే దాని పైన చికేన్ అనే, రాపిడి పెంచే అదనపు ముక్క ఉండి తీరాలి. ఈ ముక్క చెప్పకుండా "జిగ్‌జాగ్ కొనుక్కో" అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అదే జిగ్‌జాగ్‌ను 2013లో తయారీ కంపెనీ పెట్జ్ల్ వెనక్కి పిలిపించుకుంది కూడా. తర్వాత మార్చి మళ్లీ తెచ్చారనుకోండి. ఎంత పెద్ద పేరున్నా కొత్త మోడల్ రాగానే క్యూలో ముందు నిలబడాల్సిన పని లేదంటాను.

ఇక కొమ్మ మీద నడక. మాను నుంచి దూరంగా పోయే కొద్దీ తాడు ఏటవాలుగా అవుతుంది, బరువులో కొంత కాళ్ల మీదకి వస్తుంది. ఒక చేయి కొమ్మను పట్టుకుని ఉంటుంది, రెండో చేతి రెండు వేళ్లతో పరికరాన్ని నొక్కుతూ తాడును కొంచెం కొంచెంగా వదలాలి. పూర్తి బరువులో వెన్నలా జారిన పరికరం ఇక్కడ కుదుపులతో వదలొచ్చు. ఒక అడుగు వేశాక పట్టేసి నడుమును వెనక్కి గుంజిందంటే కొమ్మ మీద నిలదొక్కుకోవడం కష్టం. ముడిదీ ఇంకో గోల. బరువు లేనప్పుడు సడలిపోయి, మళ్లీ వెనక్కి వాలితే జానెడు జారి గానీ పట్టదు. అందుకే వాలే ముందు చేత్తో బిగించుకోవడం అలవాటు కావాలి. తిరిగి రావడం మరీ శ్రమ. రెండు పాయల్లో తాడు లాగితే వచ్చే సాయం ఇక్కడ ఉండదు. పై తాడుకు ఒక పుల్లీ తగిలించి, కింది తాడును దాని మీదుగా తిప్పి లాగాలి. పరికరం కింద తాడు సాఫీగా జారే ఏర్పాటు లేకపోతే ఆ లాగుడుకు భుజాలు పడిపోతాయి.

భయం సంగతి విడిగా చెప్పాలి. ముడి, రన్నర్, అకింబో, అన్నీ పైనుంచి కిందికి నొక్కితే వదులుతాయి. కంగారులో మనిషి చేసే మొదటి పని చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుని లాగడం. అంటే భయపడిన కొద్దీ ఇంకా వేగంగా కిందికి జారతారు. పెట్జ్ల్ ఐడీ లాంటి డిసెండర్లలో (తాడు మీద దిగడానికే చేసిన పరికరాల్లో) హ్యాండిల్ అతిగా లాగితే ఆగిపోయే ఏర్పాటు ఉంది, వీటిలో లేదు. రెమ్మ ఒకటి పరికరం తలను నొక్కినా ఇదే ప్రమాదం. కాబట్టి దట్టమైన కొమ్మల్లోంచి దిగేటప్పుడు చూపు పరికరం మీద ఉండాలి, తాడు చివర స్టాపర్ ముడి ఉండాలి, రంపం చేతిలోకి తీసుకునే ముందు లాన్యార్డ్‌తో (నడుముకు కట్టి చెట్టు చుట్టూ వేసే పొట్టి తాడుతో) రెండో ఆధారం పడి ఉండాలి. కొత్త పరికరమైతే కాళ్లు నేలకు అందే ఎత్తులోనే పూర్తి బరువు వేసి, పొడి తాడు మీదా తడి తాడు మీదా చూసుకోవాలి.

ఇంతకీ ఏది కొనమంటారని నన్ను అడిగితే: ముందు తాడు ఖాయం చేసుకోండి. 11.7 మిల్లీమీటర్లని రాసి ఉన్న రెండు తాళ్లు కూడా ఒకేలా ఉండవు. అల్లిక వేరు, తొడుగు బిగువు వేరు, బరువు వేస్తే సన్నబడే తీరు వేరు. తర్వాత రెంచ్, మంచి కార్డు. పొడి తాడు మీద, తడి తాడు మీద, కొమ్మ చివర మీ ముడి ఎలా ఉంటుందో చెప్పగలిగాక మెషీన్ గురించి ఆలోచించండి. నిట్టనిలువు మానులు ఎక్కి దిగడమే పని, కొమ్మల జోలికి పోరు అనుకుంటే నేరుగా మెషీన్‌కి వెళ్లినా నేను అడ్డుచెప్పను. అప్పుడు కూడా మాన్యువల్‌లో ఏయే తాళ్లకు, ఏ మందం నుంచి ఏ మందం దాకా అని రాసిన పేజీ చదివాకే డబ్బు కట్టండి. మీ తాడు అందులో లేదా, అది ఆ పరికరం మీద ఎంత బాగా పనిచేస్తుందని ఎవరు చెప్పినా వినకండి.