డిప్రెషన్‌లో ఉన్న మనిషిని ఆశ అడగొద్దు

బెజవాడ మనిషి షుగర్‌కో గుండెకో అయితే సూర్యారావుపేటలోనే డాక్టర్‌ను చూస్తాడు. అదే మానసిక వైద్యుడి దగ్గరకైతే గుంటూరు బస్సెక్కే వాళ్లున్నారు. గుంటూరు వాళ్లు ఇటొస్తారు. తెలిసినవాళ్ల కంట పడకూడదు, అంతే. ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఉంటే మరీనూ. ఈ చాటుమాటు ప్రయాణం మొదటిసారి బాగానే సాగుతుంది. రెండోసారికి సెలవు దొరకదు. మూడోసారి ‘ఇప్పుడు బాగానే ఉన్నావుగా, మళ్లీ ఎందుకు?’ అంటారు ఇంట్లో. డిప్రెషన్ వైద్యం తరచూ ఇలాంటి చోటే తెగిపోతుంది.

అసలు అక్కడిదాకా రావడమే గొప్ప. మన ఇళ్లలో డిప్రెషన్ చాలాసార్లు దిగులు రూపంలో బయటపడదు. ఒళ్లు నొప్పులు, గుండె దడ, కడుపులో మంట, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. దాంతో థైరాయిడ్, బీ12, ఈసీజీ, చివరికి ఎండోస్కోపీ. (థైరాయిడ్ పరీక్ష దండగేమీ కాదు, ఆ గ్రంథి మందగించినా మనిషి ఇలాగే నీరసపడిపోతాడు.) రిపోర్టులన్నీ నార్మల్ అనగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మనిషికి మాత్రం అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. ‘ఏ రోగమూ లేదన్నారు, ఇక లేచి పని చూసుకో. నీకేం తక్కువని?’

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో సుమారు 20 మందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడినవాళ్లే. మానసిక సమస్యలున్నవాళ్లలో వైద్యం అందనివాళ్లు, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మనది లేదు గానీ, ఇక్కడ పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఉంటుందని నేననుకోను.

ఇక అందరూ ఇచ్చే సలహా, ‘ధైర్యంగా ఉండు, ఆశ వదులుకోకు’. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆశ లేకపోవడమే ఈ జబ్బు లక్షణం. జ్వరమొచ్చినవాడిని ఒళ్లు కాలనివ్వకు అంటే ఏం చేస్తాడు? పైగా ఆ మాట విన్న మనిషి, ఆశ తెచ్చుకోవడం కూడా తనకు చేతకాలేదని ఇంకాస్త కుంగిపోతాడు. కాబట్టి ఆశను రోగి మనసులో వెతకడం మానేయాలి. అది ఉండాల్సింది పక్కనున్నవాళ్ల దగ్గర, డాక్టర్ రాసిచ్చిన తర్వాతి తేదీలో.

మందుల సంగతే చూడండి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి మొదలుపెట్టిన తొలి వారంలో వికారం, తలనొప్పి, ఏదో అస్థిమితం ఉండొచ్చు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు వారాలు పడుతుంది. అంటే ఇబ్బంది ముందొస్తుంది, మేలు తర్వాతొస్తుంది. ఏ ఆశా లేని మనిషిని మనం ఓపిక పట్టమంటున్నది సరిగ్గా ఈ వారాల్లోనే. ‘అవి నిద్రమాత్రలురా, అలవాటు పడిపోతావు’ అని బంధువు ఎవరో అనేదీ అప్పుడే. ఆ భయం పూర్తిగా వట్టిది కాదు. ఆల్ప్రజొలామ్ లాంటి మాత్రలకు నిజంగానే అలవాటు పడతారు. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు ఆ కోవలోవి కావు, కాకపోతే ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, చిరాకు లాంటివి వస్తాయి. ఆ తేడాను రోగికి విడమరిచి చెప్పే తీరిక మన ఓపీల్లో ఎంతమందికి ఉంటోంది?

మొదటి మందు అందరికీ పనిచేయదు కూడా. అమెరికాలో దాదాపు 4,000 మందితో జరిగిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది మూడోవంతు మందే. మిగతావాళ్లకు మందు మార్చి, మరొకటి కలిపి, కౌన్సెలింగ్ జోడించి చూశారు. ఇక్కడైతే మొదటి మందు పనిచేయకపోతే ‘నాకిక తగ్గదు’ అనే తీర్పు వచ్చేస్తుంది. తగ్గినవాళ్లదీ వేరే చిక్కు. ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తుంది. అందుకే కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు మందు వాడమంటారు. రెండో నెలలో ముఖం కాస్త తేటపడగానే మన ఇళ్లలో సీసా అటకెక్కుతుంది.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది పెద్దదేమీ కాదు. మనసు బాగుంటే వాకింగ్‌కు వెళ్తానంటాడు ఆ మనిషి. ముందు నడక, తర్వాతే మనసు అన్నది వైద్యంలో పరీక్షకు నిలిచిన పద్ధతే. కాలవ గట్టు మీద పది నిమిషాలు పక్కన నడిస్తే చాలు, హితబోధ అక్కర్లేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడానికీ జంకొద్దు. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఔనంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కేసవుతుందన్న భయంతో ఆగేవాళ్లు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి తెలుసుకోవాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతోంది. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు అర్ధరాత్రి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రభుత్వం చేయాల్సింది ఇంకోటి ఉంది. పెద్దాసుపత్రుల్లో ఓపీ అంటే ఉదయం పూటే. బీసెంట్ రోడ్డు బట్టల షాపులో పనిచేసే అమ్మాయికి, మిర్చి యార్డు హమాలీకి ప్రతి చెకప్పూ ఒక రోజు కూలితో సమానం. ఆరు నెలల పాటు ఆ కూలి ఎవరు పోగొట్టుకుంటారు? మానసిక వైద్య విభాగానికి వారంలో రెండు సాయంత్రాలైనా ఓపీ నడపాలి, రెండో చెకప్‌కు రానివాళ్లకు అక్కడి నుంచే ఎవరైనా ఫోన్ చేయాలి. దీనికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు.