బేతాళుడు అడిగితే తత్వం, రోబో అడిగితే పిచ్చా?

ఈ వారంలో ఈ మెసేజ్ నాకు రావడం నాలుగోసారి. పంపినవాళ్లందరూ నాకు కావలసినవాళ్లే, అందుకే డిలీట్ చేసి ఊరుకోలేకపోతున్నాను. "సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్లు: పెద్దవాళ్ల పిల్లాటలు" అని పైన శీర్షిక, కింద ఐదు పాయింట్లు, ఆఖర్న "మీ పిల్లల్ని కాపాడుకోండి" అని హెచ్చరిక. ఈ కన్వెన్షన్లంటే సైన్స్ ఫిక్షన్ అభిమానులు కలుసుకుని మాట్లాడుకునే సభలు. వరసగా చెప్తాను.

మొదటిది, అక్కడ అందరూ వేషాలేసుకుని తిరుగుతారట. అందరూ కాదు, కొందరు వేసుకుంటారు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ, అంటే వరల్డ్‌కాన్‌కే ఇద్దరు భవిష్యత్తు దుస్తులు వేసుకుని వచ్చారు. అయితే ఏమిటి? వేషం వేసినవాడి బుర్ర పనిచెయ్యదని ఎవరు చెప్పారు?

రెండోది, ఎగిరే కార్లు వస్తాయన్నారు, రాలేదు, కాబట్టి ఈ సాహిత్యమంతా అబద్ధమట. ఇది జోస్యం కాదండీ. భవిష్యత్తు చెప్పడం నవలాకారుల పని కాదని సైన్స్ ఫిక్షన్ రచయిత్రి అర్సులా లెగ్విన్ 1976లోనే తన నవలకి రాసిన ముందుమాటలో తేల్చేశారు. దీని మీద ఇక మాట్లాడను.

మూడో పాయింటు దగ్గర నాకు ఒళ్లు మండింది. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "తత్వం జీవితంలోంచి పుడుతుంది. లేని గ్రహాల గురించి, లేని మనుషుల గురించి ఆలోచించేవాడికి అది ఒంటబట్టదు. కష్టాలు ఎదుర్కోలేనివాళ్లే అలాంటి చోట్లకి పారిపోతారు."

లేనిదాన్ని ఊహించకుండా తత్వం ఎప్పుడు నడిచింది? ప్లేటో "రిపబ్లిక్" రెండో భాగంలో ఒక గొర్రెల కాపరికి ఉంగరం దొరుకుతుంది. దాన్ని తిప్పితే ఎవరికీ కనబడడు. ఎవరూ చూడనప్పుడు కూడా మనిషి న్యాయంగా ఎందుకుండాలి అని అడగడానికి అంతటివాడికి ఆ ఉంగరం కావాల్సొచ్చింది. 1974లో తత్వవేత్త రాబర్ట్ నోజిక్, కోరిన అనుభవమల్లా ఇచ్చే యంత్రాన్ని ఊహించి, జీవితాంతం అందులో ఉండిపోతారా అని అడిగారు. 1984లో మరో తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ ఇంకో యంత్రాన్ని ఊహించారు. అది ఇక్కడ మీ శరీరాన్ని స్కాన్ చేసి నాశనం చేస్తుంది, అంగారకుడి మీద అచ్చం అలాంటిదే తయారుచేస్తుంది. తర్వాత దాని కొత్త మోడల్ వచ్చింది. అది ఇక్కడి శరీరాన్ని ముట్టుకోదు. ఇప్పుడు ఇద్దరున్నారు. అందులో మీరెవరు? ఇవి నవలల్లోవి కావు, తత్వశాస్త్ర గ్రంథాల్లోవి.

అంతదూరం ఎందుకు, మన బేతాళుణ్ణే తీసుకోండి. గుళ్లో ఒకమ్మాయి భర్త, ఆమె తోడబుట్టినవాడు ఇద్దరూ తలలు నరుక్కుని పడి ఉంటారు. దేవి వరమిస్తే, ఆ అమ్మాయి కంగారులో ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతికించేస్తుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఆమె భర్త ఎవరు? 11వ శతాబ్దంలో సోమదేవుడు చెప్పిన కథాసరిత్సాగరంలో ఉందీ కథ. అవయవాల్లో తలే ప్రధానం కాబట్టి భర్త తల ఉన్నవాడే భర్త అన్నాడు రాజు. పార్ఫిట్ యంత్రం అడిగేదీ ఇలాంటిదే, మనిషిని ఆ మనిషిగా నిలిపేది ఏమిటని. చిన్నప్పుడు ఈ కథ విని నిద్రపట్టక దొర్లినవాళ్లే ఇప్పుడు నాకీ మెసేజ్ పంపుతున్నారు.

ఇక ఆ "పారిపోతారు" అన్న మాట. నేను వెళ్లిన ఒక కన్వెన్షన్‌లో రాత్రి పదింటికి ఒక ప్యానెల్ పెట్టారు. చిన్న గది, సగం కుర్చీలు ఖాళీ. విషయం ఆ పార్ఫిట్ యంత్రమే. అవతల లేచినవాడికి జ్ఞాపకాలన్నీ ఉంటే వాడే ఆ మనిషి అని ముందు కూర్చున్నవాళ్లు దాదాపు ఖాయం చేసేశారు. వెనక వరసలో ఒకావిడ, మెడలో బ్యాడ్జి తిరగబడి ఉంది, కూర్చున్నచోటి నుంచే అడిగింది: "మా అమ్మకి డిమెన్షియా. నన్ను గుర్తుపట్టి రెండేళ్లయింది. మీ లెక్కన ఆవిడ మా అమ్మ కాదా?"

మాట్లాడుతున్నాయన మైకు బల్ల మీద పెట్టేశాడు. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. ముందు వరసలో రోబో వేషం వేసుకున్న కుర్రాడు, అట్టతో చేసిన తల ఒళ్లో పెట్టుకుని, వెనక్కి తిరిగాడు. "ఆవిడెవరో ఆవిడ జ్ఞాపకాల్లోనే ఎందుకుండాలండీ? మీ దగ్గరున్నవి లెక్కలోకి రావా?" అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. నా జ్ఞాపకాల్లో ఉన్నది పాత అమ్మ, ఇంట్లో ఉన్నావిడ మాటేమిటి అంది. గది మూసెయ్యాలి లేవండి అనేదాకా వాదన సాగింది. ఆవిడకి జవాబు దొరికిందని నేను చెప్పను. కానీ ఆ ప్రశ్న అడగడానికి అన్నాళ్లూ ఆవిడకి ఇంకో చోటు దొరకలేదేమో అనిపించింది. ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి ఆవిడ ఎదురుగా నిలబడి, "కష్టం ఎదుర్కోలేక పారిపోయి వచ్చావు" అనగలడా? ఇంటికెళ్తే మళ్లీ అమ్మకి అన్నం తినిపించాల్సిన మనిషితో?

నాలుగోది, పిల్లలు చెడిపోతారట. ఎలా చెడిపోతారో ఒక్క ముక్క రాయలేదు. నేనూ రాయను.

ఐదోది చదివి మటుకు ఆగాను. "అదొక మూసుకున్న గుంపు, ఎవరిని రానివ్వాలో ఎవరికి అవార్డివ్వాలో వాళ్లే లోపల తేల్చుకుంటారు" అని ఉంది. కాదని అనలేను. పైన చెప్పిన 1939 వరల్డ్‌కాన్‌లోనే గొడవ చేస్తారన్న అనుమానంతో ఆరుగురు అభిమానుల్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన వరల్డ్‌కాన్‌లో, సభ్యుల ఓట్లతో ఇచ్చే హ్యూగో అవార్డుల్లో, ఓట్లు తెచ్చుకున్న కొన్ని రచనల్ని అర్హత లేదంటూ కారణం చెప్పకుండా తీసేశారు. ఆ లెక్కలు 2024 జనవరిలో బయటికొచ్చాయి. రచయితల రాజకీయ అభిప్రాయాల మీద నిర్వాహకులు వివరాలు సేకరించారని ఆ తర్వాతి నెలలో తెలిసింది. నేను గౌరవంగా చూసిన అవార్డు అది. చాలా సిగ్గేసింది. ఆ ఏడాదే గ్లాస్గోలో జరిగిన తర్వాతి వరల్డ్‌కాన్ నిర్వాహకులు 377 ఓట్లు కొట్టేశారు గానీ, ఎందుకు కొట్టేశారో అవార్డులు ప్రకటించకముందే అందరికీ చెప్పారు. బాగుపడుతోందనడానికి నేను చూపించగలిగింది అదొక్కటే. అది సరిపోతుందని అనను.