చచ్చిన పామును చంపే వీరులు

తెర మీద గ్రీకు వీరుడికి ఇప్పుడు ఒకటే ఉద్యోగం. లేచొచ్చిన శవాల్ని వరసగా నరకడం, మధ్యమధ్యలో కండల మీద నూనె ఆరకుండా చూసుకోవడం. గేమ్ తెరిచినా అదే, ఓటీటీ తెరిచినా అదే. దీని మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది, సరదాకి చెప్పడం లేదు. ఒకసారి పోయినవాణ్ని మళ్లీ చంపితే అది వీరత్వం ఎలా అవుతుంది? చచ్చిన పామును చంపినవాడికి ఏ ఊళ్లోనూ దండ వెయ్యరు కదా.

ఈ అస్థిపంజరాల పిచ్చి విషయంలో నా అనుమానం గ్రీకు వీరుడు జేసన్ కథ మీద 1963లో వచ్చిన సినిమా మీద. అందులో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషుల మీద పడతాయి. ఆ ఒక్క పోరాటం కోసం ట్రిక్కు దృశ్యాలు తీసే రే హారీహౌసెన్ బొమ్మల్ని ఫ్రేము ఫ్రేముకీ చేత్తో కదుపుతూ నాలుగున్నర నెలలు కూర్చున్నాడు. అంత ఓపిక చూశాక తిట్టడానికి మనసు రాదనుకోండి. కానీ పాత కథలో అస్థిపంజరాలే లేవు. పాము పళ్లు నాటితే నేలలోంచి నిఖార్సైన సైనికులు మొలుస్తారు, జేసన్ వాళ్ల మధ్యలోకి ఒక బండరాయి విసిరి పక్కన నక్కుతాడు, వాళ్లు వాళ్లలో వాళ్లే కొట్టుకు చస్తారు. మిగిలినవాళ్లని మాత్రం ఈయన కోత కోస్తాడు. పంచాయతీ ఎన్నికలు చూసినవాళ్లకి ఈ టెక్నిక్ కొత్తేమీ కాదు. ఇక సినిమాలోనైతే హీరో చివరికి సముద్రంలోకి దూకి బతికిపోతాడు.

అసలు చచ్చినవాళ్ల మీద కత్తి పనిచెయ్యదు. మహావీరుడు హెరాక్లీస్ చచ్చినవాళ్లుండే పాతాళంలో అడుగుపెట్టగానే, ఎప్పుడో చచ్చిన రాక్షసి మెడుసా ఎదురైతే అలవాటు కొద్దీ కత్తి దూశాడు. అది ఉత్త నీడ, కత్తి లోపల పెట్టమని హెర్మిస్ దేవుడు చెప్పాల్సి వచ్చింది. అంత పెద్ద మనిషికి ఎంత నామోషీ!

చనిపోయినవాళ్లతో వ్యవహారం ఎలా నడపాలో తెలియాలంటే హోమర్ కావ్యం ఒడిస్సీలో 11వ సర్గ చూడాలి. కథానాయకుడు ఒడిస్సియస్ మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గొయ్యి తవ్వుతాడు, పాలూ తేనే, ఆ తర్వాత ద్రాక్షసారా, ఆ తర్వాత నీళ్లు పోసి పైన బార్లీ పిండి చల్లుతాడు. ఒక పొట్టేలునీ ఒక నల్ల గొర్రెనీ కోసి ఆ నెత్తురు గోతిలో పట్టగానే చచ్చినవాళ్లందరూ గుంపుగా వచ్చేస్తారు. అప్పుడు ఈయన చేసిన పనల్లా కత్తి అడ్డం పెట్టి క్యూ నడపడం! నెత్తురు తాగేది ముందు జోస్యం చెప్పే టైరీసియస్, ఆ తర్వాతే మిగతావాళ్లు, కన్నతల్లికి కూడా మినహాయింపు లేదు. అందరికంటే ముందు వచ్చింది ఎల్పెనోర్, ఒడిస్సియస్ ఓడవాడే, తాగి మిద్దె మీంచి పడి మెడ విరిగి పోయిన కుర్రాడు. పగా లేదు, శాపమూ లేదు, వాడిది ఒక అర్జీ అంతే: నన్ను దహనం చేయించు, ఒడ్డున దిబ్బ పోయించు, దాని మీద నా తెడ్డు పాతించు. ఒడిస్సియస్ వెనక్కి వెళ్లి అన్నీ చేయించాడు. పిండం పెట్టి కాకి ముట్టేదాకా చెట్టు కింద నిలబడే మనవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చివర్లో మాత్రం పాతాళపు రాణి గోర్గాన్ అనే రాక్షసి తల పంపిస్తుందేమోనని హడలిపోయి ఓడ దగ్గరికి పరుగో పరుగు, అది వేరే సంగతి.

సరే, ఇంత బాధ్యత గల అధికారి ఇంకో ఊళ్లో ఏం చేశాడో పాతకాలపు గ్రీకు యాత్రికుడు పాసేనియస్ రాసిపెట్టాడు. దక్షిణ ఇటలీలోని టెమెసాలో ఒడిస్సియస్ నావికుడొకడు తాగి ఒక అమ్మాయిని చెరిస్తే, ఊరివాళ్లు రాళ్లతో కొట్టి చంపారు. ఒడిస్సియస్ పట్టించుకోకుండా ఓడ ఎక్కి వెళ్లిపోయాడు. వాడు దయ్యమై చిన్నా పెద్దా చూడకుండా చంపుతుంటే జనం ఊరు ఖాళీ చెయ్యబోయారు. దేవుడి మాట చెప్పే డెల్ఫీ గుడిని అడిగితే వచ్చిన సలహా ఏమిటంటే, వద్దు, వాడికి గుడి కట్టి ఏటా ఊళ్లోకెల్లా అందమైన కన్యని ఇవ్వండి. నేరం చేసినవాడికే గుడి, పైగా అదే నేరం ఏటా పండగలా. ఇలాంటి సలహా ఇచ్చే పెద్దమనుషులు ఏ కాలంలోనూ తక్కువ కాలేదు.

దాన్ని ఆపింది ఇటలీలోనే ఉన్న లోక్రి ఊరి బాక్సర్ యూథిమస్. క్రీ.పూ. 484, 476, 472 ఒలింపిక్స్‌లో గెలిచినవాడు, అతని విగ్రహపు పీఠం శాసనంతో సహా ఒలింపియాలో దొరికింది. ఇటలీకి తిరిగొచ్చి గుళ్లోకి వెళ్లి ఆ అమ్మాయిని చూశాడు, ముందు జాలి, తర్వాత ప్రేమ. ఆయుధాలు కట్టుకుని కాపు కాసి దయ్యాన్ని ఓడించాడు. అది చావలేదు, ఎలాగూ చచ్చే ఉంది, సముద్రంలో మునిగిపోయింది. పెళ్లి ఘనంగా జరిగింది. ఒడిస్సియస్ వదిలేసిన చెత్త ఊడ్చిన ఈయన మీద సినిమా ఎందుకు లేదో నాకు అర్థం కాదు. బహుశా దయ్యం ఒక్కటే ఉంది కాబట్టి, గ్రాఫిక్స్ వాళ్లకి పని చాలదు.

హీరోలు దొరకని ఊళ్ల సంగతీ చెప్పాలి. సిసిలీలో కమరినా అనే గ్రీకు పట్నం శ్మశానం తవ్వినప్పుడు ఒక మనిషి తల మీదా పాదాల మీదా బరువైన కూజా పెంకులు పెట్టి ఉన్నాయి. లేచి రాకుండా అలా చేసి ఉంటారని పరిశోధకుల ఊహ. కత్తీ లేదు, కండా లేదు, పగిలిన కూజాతో పని కానిచ్చారు. 2 వేల ఏళ్లకి పైగా ఆ మనిషి కదల్లేదు. 20వ శతాబ్దంలో తవ్వకాలవాళ్లు వెళ్లి ఆ పెంకులు ఎత్తారు.