మైకు కట్టెయ్యకుండా ఇరవై నిమిషాలు

మొన్న మా తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణానికీ ఫ్యాషన్ షోకీ మధ్య కాలేజీలో చదివే ఒకమ్మాయి వీణ, లాప్‌టాప్ పట్టుకుని స్టేజీ ఎక్కింది. అమ్మమ్మ ఫోన్లో పాడిన నాట్ల పాటను సాగదీసి, ముక్కలు చేసి, దాని కింద ఒకే తీగ మోగిస్తూ కూర్చుంది. తాళం లేదు, పల్లవి లేదు. ఒకచోట మాత్రం ఆ ముసలావిడ ఊపిరి పీల్చుకునే చప్పుడు హాలంతా నిండి నాకు ఒళ్లు జలదరించింది. నా వెనకాయన "స్పీకర్ పోయినట్టుందండీ" అన్నాడు. ఇచ్చిన పది నిమిషాల్లో సగం కూడా కాకముందే కమిటీవాళ్లు మైకు కట్టేశారు. భోజనాలు చల్లారిపోతాయట! ఆ తర్వాత సినిమా పాటల మెడ్లీ అరగంట పైనే సాగింది. అప్పుడు చల్లారలేదు కాబోలు.

భాషాభిమానం మీద నడిచే మన సంఘాలు న్యూయార్క్‌లోని ఈఎస్‌పీ-డిస్క్ అనే రికార్డు కంపెనీ సంగతి తెలుసుకోవాలి. దాన్ని పెట్టిన బెర్నార్డ్ స్టోల్‌మన్ లాయరు, అన్ని దేశాలవాళ్లూ మాట్లాడుకోవడానికని కల్పించిన ఎస్పరాంటో భాషంటే ప్రాణం. మొదటి రికార్డు ఆ భాషలోదే. అక్కడే ఆగిపోతే మన సావనీర్‌లాగే ఏ అటక మీదో ఉండేది. కానీ ఆయన ఆ ఊళ్లోనే హార్లెమ్ పేటలో, తాళానికీ వరసకీ కట్టుబడని ఫ్రీ జాజ్ వాయించే ఆల్బర్ట్ ఐలర్ శాక్సఫోన్ విన్నాడు. 1964 జులైలో ఐలర్ ముగ్గురి బృందం వాయిద్యం రికార్డు చేయించాడు. తర్వాత సన్ రా, ఫరో సాండర్స్ లాంటి జాజ్ కళాకారులు వచ్చారు. ఏం వినిపించాలో కళాకారులే నిర్ణయిస్తారని రికార్డు అట్టల మీద అచ్చేశాడు. ఆడిషన్ కమిటీ లేదన్నమాట.

ఆయనకు హారతి పట్టమనను. డబ్బులు రాలేదని చాలామంది కళాకారులు వాపోయారు. 1970ల మధ్యకల్లా లేబుల్ మూతపడింది, 2005లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. అయినా ఐలర్ రికార్డు ఇవాళ్టికీ వింటున్నారు.

మా ఊరి శ్రీరామనవమి పందిట్లో హరిదాసు కథ ఎంత సాగదీసినా ఎవరూ ఆపమనేవారు కాదు. విసుగొచ్చినవాళ్లు చాప మీదే ఒరిగి నిద్రపోయేవారు. (రికార్డింగ్ డాన్సుకైతే జనం రెట్టింపు వచ్చేవారు, అదీ నిజమే.) సినిమా పాటల మీద నాకు పగ లేదు, కార్లో అవే వింటాను. కానీ వాటికి మన స్టేజీ లేకపోయినా బతుకుంది.

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. సంక్రాంతి ప్రోగ్రాంలో ఇరవై నిమిషాలు ముందుగా వినిపించమనకుండా పిల్లలకు వదిలెయ్యండి. గాయకులకు విమానం టికెట్లు కొనే స్పాన్సర్లున్నారు కదా, వీళ్లకూ ఎంతో కొంత పారితోషికం ఇప్పించండి. నచ్చనివాళ్లు లేచి టీ దగ్గరికి వెళ్తారు, వెళ్లనివ్వండి.