పొగమంచు నిజమే, మిగతాది మాత్రం కాదు

పాత వీడియో గేముల మీద ఒక ఫార్వర్డ్ కొన్నాళ్లుగా చేతులు మారుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే మెషీన్) మీద ఫస్ట్ పర్సన్ షూటర్ (పాత్ర కళ్లతోనే చూస్తూ కాల్చే ఆట) ఆడుకోదగ్గదిగా మారింది 2001లో హేలో అనే ఆట వచ్చాకే, అంతకుముందు చెప్పుకోవాల్సింది గోల్డెన్‌ఐ ఒక్కటే. నింటెండో 64లో వచ్చిన 'టురాక్: డైనోసార్ హంటర్' జురాసిక్ పార్క్ మోజును సొమ్ము చేసుకోవడానికి డూమ్ అనే పాత పీసీ షూటర్‌కి తొడిగిన డైనోసార్ వేషం. చేతకానితనాన్ని పొగమంచులో దాచేశారు. చివరికి ఆట మునిగింది, దాన్ని అమ్మిన అక్లెయిమ్ కంపెనీనీ ముంచింది. కింద ఒక బొమ్మ, శత్రువు పుర్రెలోకి దూరుతున్న సెరిబ్రల్ బోర్ అనే ఆయుధం.

ముందు ఆ బొమ్మ సంగతి తేల్చేద్దాం. ఆ ఆయుధం ఈ ఆటలో లేదు. అది 1998లో వచ్చిన టురాక్ 2 లోది. మొదటి ఆటలో చేతికొచ్చేవి కత్తి, విల్లు, పిస్తోలు, షాట్‌గన్ వగైరా. ఎనిమిది ముక్కలూ ఏరుకుంటే చివర్లో క్రోనోసెప్టర్ అనే పెద్ద ఆయుధం. పోస్టు రాసినాయన ఆట ఆడకుండానే తీర్పు చెప్పాడని నా అనుమానం.

ఇక అసలు సంగతి, చేతుల సంగతి. హేలో దాకా కన్సోల్‌లో గురిపెట్టి కాల్చడం కుదరలేదన్న మాట. టురాక్ అమెరికాలో విడుదలైంది 1997 మార్చిలో. నింటెండో 64 కంట్రోలర్‌కి మూడు కొమ్ములుంటాయి, బొటనవేలితో ఎటైనా తోసే స్టిక్ ఒక్కటే ఉంటుంది, మధ్య కొమ్ము మీద. టురాక్ ఆడాలంటే ఎడమచేత్తో ఆ మధ్య కొమ్ము పట్టుకోవాలి. బొటనవేలు స్టిక్ మీద, చూపుడువేలు కింద ఉన్న జెడ్ మీటకి. స్టిక్ ఎటు తోస్తే చూపు అటు తిరుగుతుంది, పైకీ కిందకీ కూడా. కుడి బొటనవేలు నాలుగు పసుపు సి బటన్ల మీద ఉంటుంది. పైది నొక్కితే ముందుకి, కిందది నొక్కితే వెనక్కి, పక్కవి నొక్కితే మొహం తిప్పకుండా పక్కకి జరగడం. అంటే నడక ఒక చేతిది, చూపు ఇంకో చేతిది. రెండూ ఒకేసారి. వెనక్కి పరిగెడుతూ, పక్కకి తప్పుకుంటూ, మీదకి దూకుతున్న రాప్టర్ (ఒక రకం డైనోసార్) మీంచి గురి తప్పకుండా కాల్చొచ్చు.

హేలోలో ఉన్నదీ ఇదే కదా? ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు. చేతులు తారుమారయ్యాయి, బటన్ల స్థానంలో రెండో స్టిక్ వచ్చింది. రెండో స్టిక్ వల్ల నడకకి మెత్తదనం వచ్చింది, కాదనను. హేలో దాన్ని నున్నగా చెక్కింది, అదీ ఒప్పుకుంటాను. కానీ పని రెండు చేతులకీ పంచడం దాని సొంత ఆలోచన కాదు. రెండు స్టిక్కుల అమరిక కూడా హేలో కంటే ఏడాది ముందే, 2000లో ప్లేస్టేషన్ మీద ఏలియన్ రిసరెక్షన్‌లో ఉంది. అప్పట్లో ఒక పేరున్న సమీక్షలో ఆ ఆట కంట్రోల్సే అన్నిటికన్నా భయంకరమని వెక్కిరించారు కూడా! అలవాటు లేని చేతికి ఏదైనా భయంకరమే. 1996లో పీసీ మీద వచ్చిన క్వేక్‌లో కూడా మౌస్‌తో చూడటం దానంతటది పనిచేసేది కాదు, మనమే ఆన్ చేసుకోవాలి.

గోల్డెన్‌ఐ విషయానికొస్తే, అది టురాక్ కంటే దాదాపు ఆరు నెలలు వెనక, 1997 ఆగస్టులో వచ్చింది. దాని మామూలు అమరికలో స్టిక్‌తోనే ముందుకి నడవాలి, దాంతోనే పక్కకి తిరగాలి. సూటిగా గురిపెట్టాలంటే ఆర్ బటన్ పట్టుకోవాలి, అప్పుడు కాళ్లు ఆగిపోతాయి. మెనూలోకి వెళ్లి 'సాలిటేర్' అనే రెండో అమరిక ఎంచుకుంటే స్టిక్‌తో చూపు, సి బటన్లతో నడక వస్తాయి. అంటే టురాక్ ఎదురుగా పెట్టిందే గోల్డెన్‌ఐలో రెండో వరసలో ఉంది. అయినా జనానికి గుర్తున్నది గోల్డెన్‌ఐ. నలుగురు ఒకే టీవీ ముందు కూర్చుని ఒకరినొకరు కాల్చుకునే ఆట మరి. టురాక్‌లో ఇద్దరు ఆడే వీలు కూడా లేదు. స్నేహితులతో ఆడిన ఆటే జ్ఞాపకాల్లో నిలుస్తుంది, అందులో వింతేమీ లేదు. జ్ఞాపకంలో మొదటిదైతే చరిత్రలోనూ మొదటిదే అనుకోవడంతోనే పేచీ.

డూమ్ కాపీ అన్నది నాకు నిజంగా చిరాకు తెప్పించిన మాట. 1993 డూమ్‌లో ఒక గది మీద ఇంకో గది ఉండదు. ఎత్తుపల్లాలున్నా ప్లాను కాగితం మీద గీసిన ఇంటి పటం లాంటిదే. తల పైకెత్తి చూడలేం, గెంతలేం. రాక్షసులు చదునైన బొమ్మలు. టురాక్‌లో గోడలెక్కుతాం, నీళ్లలో మునిగి ఈదుతాం, చెట్ల మీద కట్టిన ఊళ్లో తిరుగుతాం, కింద జరిగేది పైనుంచి చూస్తాం. శత్రువులు పూర్తి త్రీడీ, మనుషుల కదలికలకి మోషన్ క్యాప్చర్ (నిజం మనుషుల కదలికల్ని రికార్డు చేసి బొమ్మలకి ఎక్కించడం) వాడారు. బాణం తగిలినవాడు గొంతు పట్టుకుని తూలుతూ కూలిపోయే తీరు అప్పటికి ఒళ్లు జలదరించేలా ఉండేది. పోలిక పెట్టాలంటే క్వేక్‌తో పెట్టండి, కూర్చుని వాదించుకుందాం.

పొగమంచు ఉంది. ఉన్నమాట ఉందనే చెప్పాలి. ఎందుకుందో కూడా చెప్పాలిగా. ఆ మెషీన్‌లో ఉన్న మెమరీ మొత్తం 4 ఎంబీ. ఆట క్యాసెట్ (కార్ట్రిడ్జ్‌ని మనవైపు అందరం క్యాసెట్ అనే అనేవాళ్లం) 8 ఎంబీ. అదే రోజుల్లో ప్లేస్టేషన్ సీడీలో 650 ఎంబీ పట్టేది. ఇలాంటప్పుడు మిగతా ఆటలు ఏం చేసేవంటే, నడవాలూ మలుపులూ తలుపులూ పెట్టేవి. గోడ అడ్డమొస్తే దాని వెనక ఉన్నది గీయక్కర్లేదు. టురాక్ అడవిని ఎంచుకుంది. ఆరుబయట గోడ లేదు, అందుకని మంచే గోడ అయింది. అంతెందుకు, గోల్డెన్‌ఐలో నేలంతా మంచు పరుచుకున్న 'సర్ఫేస్' మిషన్‌లోనూ ఇదే ఉపాయం. అక్కడ వాతావరణం అన్నాం, ఇక్కడ చేతకానితనం అంటున్నాం.

నేను ఈ ఆట మొదటిసారి చూసింది నలుపు తెలుపులో. పెద్దనాన్న కొడుకు అమెరికా నుంచి వస్తూ నింటెండో తెచ్చాడు. దాన్ని మన 230 వోల్టుల కరెంటులో పెడితే కాలిపోతుందని ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చాం. తీరా చూస్తే మా టీవీ పాల్ అనే సిగ్నల్ పద్ధతిది, మెషీన్‌ది అమెరికా వాళ్ల ఎన్‌టీఎస్‌సీ, రంగులు రాలేదు. బూడిద రంగు అడవి, బూడిద రంగు మంచు. రాప్టర్ కనబడే ముందు దాని కీచు వినబడేది. ఎటునుంచో తెలిసేది కాదు. మా అన్నయ్య కంట్రోలర్ నా ఒళ్లో పడేసి లేచిపోయిన రోజుంది. 2015లో నైట్‌డైవ్ స్టూడియోస్ పీసీకి తెచ్చిన కొత్త కూర్పులో మంచుని దూరం జరపొచ్చు. జరిపి చూశాను. దూరంగా ఒక డైనోసార్ బస్టాపులో నిలబడ్డట్టు నిలబడి ఉంది. భయం పోయి జాలేసింది. మంచు వెనక్కి లాక్కున్నాను.

జురాసిక్ పార్క్ ముచ్చట రెండు ముక్కల్లో. నవల 1990, సినిమా 1993. టురాక్ కామిక్‌గా మొదట అచ్చయింది 1954లో. డైనోసార్లున్న లోయలో చిక్కుకుపోయిన ఇద్దరు అమెరికా ఆదివాసుల కథ. ఆ కామిక్‌ని 1990లలో వాలియంట్ సంస్థ తిరగరాసింది, ఆ సంస్థని 1994లో అక్లెయిమ్ కొనేసింది. సినిమా గాలి దీనికీ తగిలి ఉంటుంది, తగల్లేదని ఎవరంటారు? కానీ ఒంటికి యంత్రాలు బిగించుకుని నోటితో నిప్పులు కక్కే టైరనోసార్ ఏ సినిమాలోంచి కాపీ కొట్టారో ఆ పోస్టులో చెప్పలేదు.

ఆఖరిది, మునిగిందన్న మాట. టురాక్ దాదాపు 15 లక్షల ప్రతులు అమ్ముడైంది. అప్పటికే భారీ నష్టాల్లో ఉన్న అక్లెయిమ్‌కి ఊపిరి పోసింది ఇదే. కంపెనీ దివాలా తీసింది 2004లో, ఏడేళ్ల తర్వాత. 2002లో టురాక్ ఎవల్యూషన్ అమ్మడానికి, చట్టప్రకారం తమ పేరు టురాక్ అని మార్చుకున్నవాళ్లకి డబ్బులిస్తామని బ్రిటన్‌లో ప్రకటించిన కంపెనీ అది. ఆ దివాలాకి 1997 నాటి ఆటని బాధ్యుణ్ణి చేయడం, మనవడి అప్పులకి తాతని నిలదీయడం లాంటిది. ఆట తయారుచేసిన ఇగ్వానాని స్థాపించిన జెఫ్ స్పాంగెన్‌బర్గ్ 1998లో అదే ఆస్టిన్ ఊళ్లో రెట్రో స్టూడియోస్ పెట్టాడు. 2002లో మెట్రాయిడ్ ప్రైమ్ అనే పేరున్న ఆట వచ్చింది అక్కడి నుంచే.

ఇంతకీ ఈ ఆటని తిట్టడానికి కారణాలు లేవా అంటే, బోలెడున్నాయి. అగాధం మీద వరసగా స్తంభాలుంటాయి, ఒక దాని మీంచి ఇంకోదాని మీదకి గెంతాలి. కిందికి చూస్తే మన కాళ్లు కనబడవు, అంచు ఎక్కడో తెలీదు. పడితే ప్రాణం పోయినట్టే. ఆట సేవ్ చేసుకోవాలంటే కంట్రోలర్ ప్యాక్ అని వేరే కొనాలి, మా దగ్గర అది లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ అడవి మొదటికే. పోస్టు రాసినాయన ఆ స్తంభాల గురించి రాసి ఉంటే నలుగురికి నేనే ఫార్వర్డ్ చేసేవాణ్ణి.