ఆలస్యం అమృతం, అప్పుడప్పుడు విషం

స్పెయిన్ సైకిల్ రైడర్ పెడ్రో డెల్గాడో అనగానే సైకిల్ పందేలు చూసేవాళ్లకు గుర్తొచ్చేది ఆయన గెలిచిన 1988 టూర్ ద ఫ్రాన్స్ కాదు, అన్ని రోజుల టైం కలిపి విజేతను తేల్చే ఆ మూడు వారాల పందెం కాదు. మరుసటి ఏడాది ఆయన బయల్దేరిన టైం. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే కలం పట్టాను. ఎడిటరు గారికి ఒప్పుకున్న గడువు దాటాకే పంపుతున్నాను, విషయానికి తగ్గ మర్యాద అనుకోవాలి.

1989 జూలై 1, లక్సెంబర్గ్. 7.8 కిలోమీటర్ల ప్రోలాగ్, అంటే టూర్‌ను మొదలుపెట్టే చిన్న పందెం. చెప్పిన టైంకు ఒక్కొక్కరే బయల్దేరి గడియారంతో పోటీపడాలి. నిరుటి విజేతకు అందరికంటే చివర్లో బయల్దేరే గౌరవం, వేసుకోవడానికి పసుపు జెర్సీ. అన్నీ సిద్ధం, మనిషే లేడు! వార్మప్‌కని వెళ్లినవాడు 2 నిమిషాల 40 సెకన్లు ఆలస్యంగా వచ్చాడు. గడియారం మాత్రం ఆయన కోసం ఆగలేదు. ఆ రోజు 198 మందిలో 198వ స్థానం.

అసలు 2 నిమిషాల 40 సెకన్లు ఆలస్యమేనా? "దారిలో ఉన్నా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా" అని ఫోన్లో చెప్పి అప్పుడు స్నానానికి వెళ్లే మనమైతే దాన్ని ముందే రావడం అంటాం.

మర్నాడు టీమ్ టైం ట్రయల్‌లో, అంటే జట్టంతా కలిసి గడియారంతో పోటీపడే పందెంలో, ఆయన డీలాపడ్డాడు, ఆయన రేనాల్డ్స్ జట్టు కూడా చిట్టచివరికి చేరింది. ఆ తర్వాత కొండల్లో ఎంత లాక్కొచ్చినా పారిస్‌లో దక్కింది మూడో స్థానం. గెలిచిన గ్రెగ్ లెమాండ్‌కు 3 నిమిషాల 34 సెకన్ల వెనక. అభిమానులు కాగితం తీసి 2:40 కొట్టేశారు. ఇంకా 54 సెకన్లు మిగిలాయి. టీమ్ టైం ట్రయల్ నష్టం కూడా కొట్టేశారు. గెలిచేశాడు. ఆ కాగితం మీద ఇప్పటికీ గెలుస్తూనే ఉన్నాడు.

నిజానికి ఆలస్యం ఆయనకు పాత చుట్టమే. 1985లో స్పెయిన్‌లో జరిగే మూడు వారాల పందెం వుయెల్టాలో చివరి రోజుకు ముందురోజు ఉదయం ఆరు నిమిషాలకు పైగా వెనకబడి ఉన్నాడు. ఇంకో రైడర్‌తో కలిసి జారుకున్నాడు. ఎంత దూరం వెళ్లిపోయాడో ఆధిక్యంలో ఉన్న స్కాట్లాండ్ రైడర్‌కు తెలిసేసరికి పొద్దుపోయింది. 36 సెకన్ల తేడాతో వుయెల్టా మనవాడిదే.

1988 సంగతి ఇంకా సొగసైనది. టూర్ మధ్యలో పరీక్షలో ప్రొబెనిసిడ్ బయటపడింది. స్టెరాయిడ్ల జాడ దాచగల మందు అది. ఒలింపిక్ కమిటీ నిషేధించింది, సైక్లింగ్ సమాఖ్య జాబితాలోకి మాత్రం ఇంకా ఎక్కలేదు. జాబితా దారిలో ఉంది, ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఈలోగా డెల్గాడో 7 నిమిషాల 13 సెకన్ల ఆధిక్యంతో పారిస్ చేరిపోయాడు. కబురు ఆలస్యమైతే వుయెల్టా, రూలు ఆలస్యమైతే టూర్. తను ఆలస్యమైతేనే లోకానికి కోపం!

రేనాల్డ్స్ జట్టులో ఆయనకు సాయంగా తొక్కిన మిగెల్ ఇందురాయిన్ తర్వాత 1991 నుంచి వరసగా ఐదు టూర్లు గెలిచాడు, అదీ ఎక్కువగా టైం ట్రయల్స్ బలంతోనే. గడియారంతో అంత స్నేహంగా ఉన్నవాడి మీద ఏం రాస్తాం?

డెల్గాడో 1994లో సైకిల్ దిగి, స్పెయిన్ టీవీలో వ్యాఖ్యాతగా కూర్చున్నాడు. ప్రోలాగ్ రోజున ఏ కుర్రాడో నిమిషం ముందే వచ్చి నిలబడితే మైకులో ఏమంటాడో వినాలని ఉంది.