సజీవ ఈస్టుకు ఉడుకు సంస్కారం

పాడిగేదెకు ఈస్టు, అంటే పిండిని పొంగించే సూక్ష్మజీవుల పొడి, పెట్టడానికి ఒక ఘనమైన పద్ధతి చలామణిలో ఉంది. గంగాళంలో దాణా తుకతుక ఉడుకుతుండగా మూత తీయాలి, పొట్లం చింపాలి, ప్రాణమున్న ఈస్టునంతా అందులో గుమ్మరించి గరిటెతో భక్తిగా కలియబెట్టాలి. 60 డిగ్రీల వేడికే ఆ కణాలు హరీమంటాయి. అయితేనేం, పొట్లం మీద ‘సజీవ’ అని అచ్చేశారుగా!

పదిహేను రోజులకు విచారణ మొదలవుతుంది. ముద్దాయి గేదె. సాక్షి పాల కొలత గిన్నె. ‘ఇంత ఖర్చు పెట్టాం, చుక్క పెరగలేదేం?’ అని ప్రశ్న. గేదె నెమరేస్తుంది. అది ధిక్కారమని నమోదవుతుంది. జాతి మంచిది కాదని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు వాంగ్మూలం ఇస్తారు. చివరికి పొట్లాలు రెండు చేయమని తీర్పు. మర్నాడు గంగాళంలో రెట్టింపు శవాలు.

ఇంతకీ బతికున్న ఈస్టు రూమెన్‌లో, అంటే మేత పులిసి అరిగే పెద్ద పొట్టలో, చేసే పనేమిటి? మేతతో, నీటితో లోపలికి చేరిన కాస్త ఆక్సిజన్‌నూ వాడేసుకుంటుంది. పీచును అరిగించే బాక్టీరియాకు ఆక్సిజన్ గిట్టదు కాబట్టి, అది పోతే వాటికి హాయి. ల్యాక్టిక్ ఆమ్లాన్ని తినేసే బాక్టీరియాకూ ఊతం దొరికి, దాణా ఎక్కువైనప్పుడు పీహెచ్ మరీ జారిపోకుండా, అంటే పొట్టలో పులుపు మరీ పెరగకుండా, కొంత ఆగుతుంది. అయితే ఈస్టు అక్కడ కాపురం పెట్టదు, మేతతోపాటే కిందికి పోతుంది. అందుకే రోజూ ఇవ్వాలి. పండక్కీ పబ్బానికీ పెట్టేవాళ్లకు నమస్కారం.

ఏ సరుకైనా మోతాదుకు అందరిదీ ఒకటే చెంచా! గ్రాముకు 1000 కోట్ల సజీవ కణాలున్న సరుకైతే రోజుకు 1 నుంచి 5 గ్రాములు చాలు. ఈస్టు కల్చర్ అనేది వేరే సరుకు, ఈస్టును పెంచిన పదార్థంతో సహా ఎండబెట్టింది, అది పదుల గ్రాముల్లో పడుతుంది. ఏదైనా సరే, ఉడికిన దాణా పూర్తిగా చల్లారాక, గుప్పెడు పొడి తవుడులో ముందు కలిపి, ఆ తవుడును దాణా అంతటా కలపాలి. విప్పిన పొట్లం మూతి బిగించి చల్లని, పొడి చోట దాచాలి. చెమ్మ తగిలి గడ్డకట్టింది ఇక ఎరువుకే.

దీన్నంతా నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ ‘ఈస్టు ఇస్తున్నాంగా, ఏం కాదు’ అని రాత్రికి రాత్రి 2 కిలోల దాణా పెంచేవాణ్ని చూసి నవ్వు రాదు. దాణాను పది, పదిహేను రోజుల మీద కొద్దికొద్దిగా పెంచాలి, పక్కన సరిపడా గడ్డి వేయాలి. అది వదిలేస్తే గేదె మేత ముట్టదు, నెమరు ఆగుతుంది, పేడ నీళ్లలా పడుతుంది, గిట్టలు వాచి నిలబడలేదు, ముదిరితే ప్రాణమే పోతుంది. గడ్డి ఖర్చు మిగుల్చుకోవడానికి మూగజీవి కడుపులో ఆమ్లం పోసి, పైన చిటికెడు పొడి చల్లి చేతులు దులుపుకుంటారా? సిగ్గుండాలి! ఏ ఈస్టూ గడ్డికి బదులు కాదని ఆ అమ్మేవాడికి తెలియదా? తెలుసు. చెబితే పొట్లం అమ్ముడుపోదు.

గడువు తేదీ నాటికి గ్రాముకు ఎన్ని కణాలు బతికుంటాయని అడిగి చూడండి. పొట్లం తిప్పి వెనకవైపు చూపిస్తాడు. అక్కడ పూలదండ వేసుకున్న గేదె బొమ్మ ఉంటుంది.